టీబీ మాత్రలతో పాటు అడ్డసరం, మిరియాల కషాయం ఇవ్వొచ్చా?

మీ నాన్నగారికి మాత్రలు మొదలై మూడు వారాలైంది, పసుపు, మిరియాలు, అడ్డసరం వేసి కషాయం కాచి ఇస్తే ఆర్నెల్ల కోర్సు తొందరగా అయిపోతుందా అని కదా అడిగారు. అవదండీ. అదే ఆశతో నేనూ తాగాను కాబట్టి చెప్తున్నా.

టీబీ బయటపడేనాటికి నేను 47 కిలోలున్నాను. రోజూ పరగడుపున మూడు పెద్ద మాత్రలు. సాయంత్రం మా పెద్దమ్మ కషాయం, దానికి తోడు ఎవరో తెలిసినవాళ్లు ఇచ్చారని పేరూ ఊరూ లేని ఒక చూర్ణం పొట్లం. ఐదో వారానికి అన్నం వాసనొస్తే చాలు వాంతి. కామెర్లొస్తే మూత్రం ముదురు రంగులో వస్తుందంటారు కదా, టీబీ మాత్రల్లో ఉండే రిఫాంపిసిన్ అనే మందు వల్ల నాకు మొదటి రోజు నుంచే నారింజ రంగు, ఇక తేడా ఎక్కడ తెలుస్తుంది? కళ్లు పచ్చబడ్డాయని మా తమ్ముడు చూసి లాక్కెళ్లాడు. లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ 400 దాటింది. టీబీ మాత్రల వల్లా, చూర్ణం వల్లా అంటే డాక్టర్ తేల్చలేకపోయారు, రెండూ ఒకేసారి లోపలికి పోతుంటే ఎవరు మాత్రం తేలుస్తారు. అన్నీ ఆపి, లివర్ కుదుటపడ్డాక ఒక్కో మందూ విడివిడిగా మళ్లీ మొదలుపెట్టారు. కోర్సు ఎనిమిది నెలలు పట్టింది.

అలాగని మొక్కల్లో ఏమీ లేదనను. మిరియాల్లోని పైపరిన్ రిఫాంపిసిన్‌ని ఒంటికి ఎక్కువ పట్టిస్తుంది. జమ్మూలోని ప్రభుత్వ పరిశోధన సంస్థ, కాడిలా ఫార్మా కలిసి దీంతోనే రిసోరిన్ అనే మందు తయారుచేసి 2009లో తెచ్చాయి: మామూలుగా 450 మిల్లీగ్రాములు వేసే రిఫాంపిసిన్ అందులో 200 మాత్రమే, పైపరిన్ 10. అంత లెక్కగా. మన గిన్నెలో చెంచాడు మిరియాల పొడి వేస్తే ఎంత దిగిందో, ఏ మాత్రను ఎంత పెంచిందో ఎవరు చూశారు? చారులో మిరియాలకి భయపడక్కర్లేదు, నేను మందులా రోజూ తాగడం గురించే అంటున్నా.

అడ్డసరం గొప్ప మొక్కే, దగ్గు సిరప్‌లో ఉండే ఆంబ్రాక్సాల్‌కి మూలం అందులోని వాసిసిన్. కానీ అది కళ్లెను పలచన చేస్తుంది, దగ్గు తగ్గింది కదా అని మాత్రలు మానేసేవాళ్లని చూశాను, అక్కడే మందులకి లొంగని టీబీ తయారవుతుంది. పసుపులోని కర్క్యుమిన్ ల్యాబ్‌లో మన రక్షణ కణాలు టీబీ క్రిముల్ని చంపడానికి సాయపడింది, పేగుల్లోంచి మాత్రం రక్తంలోకి చాలా కొద్దిగానే వెళ్తుంది. నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది ఆర్టిమిసినిన్, వినాయక చవితి పత్రిలో పెట్టే మాచిపత్రికి దగ్గరి చుట్టమైన మొక్కలోంచి తీసే మలేరియా మందు. ఆక్సిజన్ తగ్గితే టీబీ క్రిమి నిద్రలోకి జారుకుంటుంది, నిద్రలో ఉన్నదాన్ని మందులు అంత సులువుగా చంపలేవు, కోర్సు ఇన్ని నెలలు సాగడానికి అదొక కారణం. ఆర్టిమిసినిన్ దాన్ని నిద్రపోనివ్వడం లేదని అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీవాళ్లు 2016లో చూపించారు, అదీ ల్యాబ్‌లోనే. మాచిపత్రి నమలమని కాదు సుమా!

ఏదైనా ఇవ్వాలనిపిస్తే గుడ్డు, పప్పు, వేరుశనగలు పెట్టండి. టీబీ ఉన్నవాళ్ల తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ కింద నెలకి 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడాలి, పడకపోతే ఆశా కార్యకర్తని అడగండి.

నాన్నగారికి షుగర్ ఉందో లేదో రాయలేదు మీరు. ఉంటే రిఫాంపిసిన్ కొన్ని షుగర్ మాత్రల పనిని తగ్గించేస్తుంది, ఆ చీటీ కూడా డాక్టర్‌కి చూపించండి.