క్యూరీ ఉష్ణోగ్రత దగ్గర డొమైన్ గోడలు ఏమవుతాయి?

ఇనుము వంటి అయస్కాంత పదార్థంలో అయస్కాంతత్వం ఒకే దిక్కున ఉండే చిన్న ప్రాంతాలు డొమైన్లు, వాటి మధ్య ఆ దిక్కు మారే సరిహద్దులు డొమైన్ గోడలు; ఈ అమరిక చెదిరిపోయే వేడే క్యూరీ ఉష్ణోగ్రత. వేడి పెరిగేకొద్దీ డొమైన్ గోడలు సన్నబడి, క్యూరీ ఉష్ణోగ్రత దగ్గర తెగిపోతాయా అని అడిగారు. జరిగేది ఇందుకు పూర్తిగా విరుద్ధం. గోడలు వెడల్పవుతాయి, వెడల్పవుతూనే బలం కోల్పోతాయి.

గోడ మందాన్ని నిర్ణయించేవి రెండు. ఇరుగుపొరుగు స్పిన్లను (పరమాణువుల్లోని బుల్లి అయస్కాంతాలను) ఒకే దిక్కున నిలిపే ఎక్స్ఛేంజ్ ప్రభావం గోడను విశాలం చేస్తుంది. స్పిన్లను స్ఫటికంలోని అనుకూల దిశకు కట్టి ఉంచే అనైసోట్రోపీ దాన్ని కుదిస్తుంది. గది ఉష్ణోగ్రత వద్ద ఇనుములో ఈ మందం సుమారు 40 నానోమీటర్లు. వేడెక్కితే రెండూ తగ్గుతాయి గానీ, ఇనుము వంటి ఘనాకృతి స్ఫటికాల్లో అనైసోట్రోపీ చాలా ముందే చతికిలబడుతుంది. స్థూల సిద్ధాంతం ప్రకారం, క్యూరీ ఉష్ణోగ్రత సమీపంలో ఎక్స్ఛేంజ్ దృఢత్వం అయస్కాంతీకరణ (పదార్థం ఎంత బలంగా అయస్కాంతమై ఉందో చెప్పే కొలత) వర్గాన్నీ, అనైసోట్రోపీ దాని నాలుగో ఘాతాన్నీ అనుసరిస్తాయి. అంటే అయస్కాంతీకరణ సగమైతే గోడ వెడల్పు రెట్టింపవుతుంది, గోడ శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

ఒకే అనుకూల అక్షం ఉన్న పదార్థాల్లో చివరి కొద్ది డిగ్రీల కథ నాకు మరీ ఇష్టం. మామూలు గోడలో అయస్కాంతీకరణ తన పరిమాణం మార్చుకోకుండా తిరుగుతుంది. క్యూరీ ఉష్ణోగ్రతకు బాగా చేరువైతే తిరగడం మానేసి, అక్కడికక్కడే కుంచించుకుపోయి, సున్నా దాటి అవతలి దిశలో పెరుగుతుంది. ఇలాంటి గోడను సోవియట్ భౌతిక శాస్త్రవేత్తలు బులయెవ్‌స్కీ, గింజ్‌బర్గ్ 1963లో సిద్ధాంతపరంగా చూపారు.

ఇవన్నీ సమీకరణాలుగానే మిగిలిపోకూడదంటే హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో అధిక ప్రవేశ్యశీలత (పర్మియబిలిటీ, అంటే సులువుగా అయస్కాంతమయ్యే గుణం) ఉన్న మాంగనీస్-జింక్ ఫెర్రైట్ రింగు ఒకటి కొనండి. నేను అలాంటి దానికి ఎనామిల్ రాగి తీగ పది పదిహేను చుట్లు చుట్టి, పొద్దుతిరుగుడు నూనెలో ముంచి, తీగచుట్ట ప్రేరకత్వాన్ని (ఇండక్టెన్స్) కొలిచే ఎల్‌సీఆర్ మీటరుకు కలిపాను. రింగు ఎంత సులువుగా అయస్కాంతమవుతుంటే ఈ విలువ అంత ఎక్కువ. వేడి చేస్తుంటే ప్రేరకత్వం పెరుగుతూ పోయింది. నూనె 130 డిగ్రీల ప్రాంతానికి రాగానే కొద్ది డిగ్రీల తేడాలో నిట్టనిలువుగా కూలిపోయింది. కూలేముందు వచ్చే ఆ శిఖరమే హాప్కిన్సన్ ప్రభావం; 1889లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ హాప్కిన్సన్ దీన్ని ఇనుములో కొలిచి చూపారు. గోడలను పట్టి ఉంచే లోపాల పట్టు సడలి, చిన్న క్షేత్రానికే అవి సులువుగా కదలడం దీనికి ఒక ముఖ్య కారణం. మీటరు ఇచ్చే సంకేతం వీలైనంత తక్కువగా ఉంచండి, ఎక్కువైతే శిఖరం మొద్దుబారుతుంది. నూనెలో నీటి చుక్క పడనివ్వకండి.

ఉపరితలం నుంచి తిరిగొచ్చే కాంతితో డొమైన్లను చూపే కెర్ సూక్ష్మదర్శినితో చూసేవారికి ఒక హెచ్చరిక. అందులో నలుపు తెలుపుల తేడా అయస్కాంతీకరణను బట్టే ఉంటుంది కాబట్టి, గోడలు ఉండగానే చిత్రం వెలిసిపోతుంది. అది చూసి గోడలు పోయాయని రాసుకోవద్దు. మళ్లీ చల్లార్చాక డొమైన్లు పాత చోట్లలోనే వస్తాయన్న హామీ కూడా లేదు.

గడోలినియం అనే లోహం దొరికితే వదలకండి. దాని క్యూరీ ఉష్ణోగ్రత దాదాపు 20 డిగ్రీలే. మే నెల హైదరాబాదు ఎండలో అందులో డొమైన్లే ఉండవు, జనవరి తెల్లవారుజామున వాటంతట అవే ఏర్పడతాయి.

ఫెర్రైట్ రింగు కొలతలు మాత్రం వేడెక్కేటప్పుడు కాకుండా, పొయ్యి ఆపి నూనె నెమ్మదిగా చల్లారేటప్పుడు తీసుకోండి. అప్పుడు రింగు, థర్మామీటరు దాదాపు ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి.