గుండ్రటి పేకముక్కలు

ప్రశ్న: మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో గుండ్రటి బిళ్లలు డెబ్బై దాకా దొరికాయి. వెనక ఎర్ర లక్కపూత. ఒకదాని మీద ఏడు గొడ్డళ్లు, ఇంకోదాని మీద చేపలు, మరోదాని మీద గుర్రమెక్కిన మనిషి. ఇవి పేకముక్కలని మామయ్య అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: మామయ్యగారి మాటే నిజమండీ. దీన్ని గంజీఫా అంటారు. మీ చేతిలో ఉన్నది దశావతారాల పేక. గొడ్డళ్లు పరశురాముడి రంగు (మన పేకలో ఇస్పేటు, ఆఠీను లాంటిది), చేపలు మత్స్యావతారం. అవతారానికి 12 చొప్పున మొత్తం 120 ముక్కలుండాలి. ఒకటి నుంచి పది దాకా అంకెలు, ఆపైన మంత్రి, రాజు. గుర్రమెక్కినాయన మంత్రి అయ్యుంటాడు. రాణి మాత్రం ఉండదు. రమ్మీలో రాణి కోసం కాచుక్కూచునే నాబోటివాడికి అదో లోటే!

ఈ ఆట మొగలాయిలతో వచ్చింది. సింధులో ఉన్న షా హసన్‌కు గంజీఫా పంపానని 1527లో బాబరే రాసుకున్నాడు. మొగలుల పేకలో ఎనిమిది రంగులు, 96 ముక్కలు: కిరీటం, కత్తి, నాణెం వగైరా. నవాబులకు దంతంతో చేసేవారు, మామూలు జనానికి గుడ్డ పొరలు అతికించి. మనవాళ్లు ఆ కిరీటాలూ కత్తులూ తీసేసి దేవుళ్లను కూర్చోబెట్టుకున్నారు. ఒడిశాలో, బెంగాల్ విష్ణుపూర్‌లో తొమ్మిదో అవతారంగా జగన్నాథుడు వచ్చేశాడు. మైసూరు మూడో కృష్ణరాజ ఒడయార్ ఏకంగా 360 ముక్కల ఆట కట్టించాడు. అన్ని ముక్కలు పంచేసరికే తెల్లారుతుందేమో!

నాకు బాగా నచ్చింది ఆటలోని మెలిక. మన పేకలో ఆసు ఒక్కటే చిన్నదై ఉండి పెద్దరికం చేస్తుంది. గంజీఫాలో సగం రంగుల్లో వరసే తిరగబడుతుంది. ఆ రంగుల్లో రాజు, మంత్రి తర్వాత ఒకటో అంకె ముక్క పెద్దది, పది అన్నిటికంటే చిన్నది. మిగతా సగంలో పదే పెద్దది. తురుఫు (మిగతా రంగులన్నిటినీ కొట్టే రంగు) లేదు. పోయిన ముక్కలన్నీ గుర్తుంచుకున్నవాడిదే గెలుపు. పగలైతే రాముడి రంగులో రాజు చేతికొచ్చినవాడు, రాత్రయితే కృష్ణుడి రంగులో రాజు వచ్చినవాడు ఆట మొదలుపెట్టాలి. ముక్కలు బిరుసుగా ఉంటాయి, మన పేకలా కలిపితే అంచులు రాలతాయి. దుప్పటి మీద బోర్లా పోసి అరచేతులతో కలపాలి.

మీవాటిని తడిగుడ్డతో తుడవకండి, రంగు లేచిపోతుంది. విడిగా ఒక డబ్బాలో పెట్టండి.

ప్రశ్న: ఆడాలనుంటే కొత్తవి ఎక్కడ దొరుకుతాయి?

జవాబు: మహారాష్ట్రలోని సావంత్‌వాడిలో ఇప్పటికీ చేస్తున్నారు, ఆ రాజకుటుంబమే ఈ కళను నిలబెట్టింది. ఒడిశా రఘురాజ్‌పూర్, విష్ణుపూర్, మైసూరుల్లోనూ చిత్రకారులున్నారు. చేత్తో గీసేవి కాబట్టి చవక కాదు. గోడకు తగిలించే బొమ్మల పెట్టె కాకుండా ఆడుకునే పేకే కావాలని చెప్పి, ముక్కలు 120 ఉన్నాయో లేదో అక్కడే లెక్కపెట్టుకుని కొనండి.