14 నెలల పాప పాల సీసా వదలట్లేదా? మా వాడితో మేం పడ్డ పాట్లు

మీ పాపకి 14 నెలలు, గ్లాసులో పాలు పోస్తే ఉమ్మేస్తోంది, సీసా ఇస్తే గటగటా తాగేస్తోంది, ఒక్కసారిగా మానిపించాలా మెల్లగానా అని అడిగారు. మెల్లగానే మానిపించండి. అయితే ఏ సీసా ముందు తీయాలి, ఏది చివర తీయాలి అన్నది చూసుకోవాలి. అది తెలియక నేను రెండు నెలలు వృథా చేశాను.

మీకు ఆలస్యమేమీ కాలేదు. 6 నెలలప్పుడు గ్లాసు అలవాటు మొదలుపెట్టి, 12 నుంచి 18 నెలల మధ్య సీసా పూర్తిగా ఆపేయమని పిల్లల డాక్టర్లు చెప్తారు. మేమైతే 16 నెలలు వచ్చేదాకా కళ్లు తెరవలేదు.

మా వాడి లెక్క చూడండి. పొద్దున లేవగానే 240 ఎంఎల్. మధ్యాహ్నం పడుకునే ముందు ఇంకో 240. సాయంత్రం నేను ఆఫీసు నుంచి మల్కాజిగిరి చేరేసరికి అత్తమ్మ మరోటి పట్టేసేది. రాత్రి నిద్రకి ఒకటి. అంటే రోజుకి దాదాపు లీటరు. అన్నం ముద్ద నోటి దగ్గరికి తెస్తే తల తిప్పేసేవాడు. "అన్నం ఎట్లా తింటలేడు, పాలన్నా తాగనియ్యి బిడ్డా" అనేది అత్తమ్మ. పాలతో కడుపు నిండబట్టే వాడు అన్నం తినట్లేదని మా ఇద్దరికీ తట్టలేదు. మొహం పాలిపోయినట్టు కనిపిస్తుంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. ఆ రిపోర్టు చూసి డాక్టరమ్మ అడిగిన మొదటి మాట "రోజుకి ఎన్ని సీసాలు?" అని. పాలలో ఐరన్ లేనట్టే లెక్కట. పైగా పాలు ఎక్కువైతే తిండిలో ఉన్న ఐరన్ కూడా ఒంటికి సరిగా పట్టదట. ఐరన్ చుక్కలు రాసి, ఏడాది దాటిన పిల్లకి రోజుకి 400 నుంచి 500 ఎంఎల్ పాలు చాలు, పెరుగు కూడా అందులో లెక్కే అన్నారు.

నాకు ధైర్యం ఇచ్చింది ఆ మాటే. సీసాలో ఎంత తాగేవాడో గ్లాసులోనూ అంత తాగించాలి అనుకున్నన్నాళ్లూ నాకు ఒకటే టెన్షన్. అంత అవసరమే లేదని తెలిశాక నాలుగు గుటకలు తాగి గ్లాసు తోసేసినా పట్టించుకోలేదు. పెరుగన్నం పెట్టాను, రాగి జావలో కొంచెం పాలు కలిపాను. అయిపోయింది.

ఇక గ్లాసు సంగతి. నేను మూడు సిప్పర్లు కొన్నాను. ఒకటి తలకిందులు చేసినా చుక్క కారదు. అదే దానితో వచ్చిన తంటా. లోపల ఉండే వాల్వు వల్ల గట్టిగా చప్పరిస్తే తప్ప పాలు రావు. అంటే అది మూత మారిన సీసాయే. పిల్లకి పెదవులతో అంచు పట్టుకుని గుటక వేయడం రాదు, మనకేమో మానిపించేశామన్న తృప్తి. స్ట్రా ఉన్నది కొంత నయం, బయటికి వెళ్లినప్పుడు ఇప్పటికీ వాడతాం. చివరికి పనికొచ్చింది బేగంబజార్‌లో మా ఆయన కొనుక్కొచ్చిన చిన్న స్టీలు గ్లాసు. మందు కొలిచే మూత కన్నా కాస్త పెద్దది, అంతే. వాడి రెండు చేతుల్లో సరిగ్గా పట్టింది.

మా ఇంట్లో వెండి ఉగ్గుగిన్నె కూడా ఉంది, బారసాలకి మా అమ్మ పెట్టింది. ముందు దాంతోనే ప్రయత్నించాం. చంటిపిల్లలకి సీసా కన్నా అది ఎంతో మేలు. పీక సందుల్లో పాలు నిలిచి పాచిపట్టే గొడవ ఉండదు, కడిగి మరిగించడం తేలిక. కానీ ఉగ్గుగిన్నెతో మనం పోస్తాం, పిల్ల మింగుతుంది. 14 నెలల పిల్ల తనంతట తాను తాగడం నేర్చుకోవాలి కదా. (మాటల్లో మాట, ఫీడింగ్ బాటిల్‌కి టీవీలో ప్రకటన ఎప్పుడైనా చూశారా? 1992లో వచ్చిన చట్టం ప్రకారం మన దేశంలో వాటికి ప్రకటనలు ఇవ్వకూడదు. నాకు ఈమధ్యే తెలిసింది.)

మొదట గ్లాసులో పాలు పోయకండి, నీళ్లు పోయండి. పాలంటే పాపకి సీసా గుర్తొస్తుంది, గ్లాసు చూడగానే మోసపోయినట్టు ఏడుస్తుంది. నీళ్లతో ఆ పేచీ ఉండదు. అన్నం తినేటప్పుడు, మీరు తాగుతున్నప్పుడు, తనకీ ఒక గ్లాసు ఇవ్వండి. ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని గ్లాసు అంచు కింది పెదవికి ఆనించండి. నీళ్లు పెదవికి తగిలేంత వరకే వంచి ఆగిపోండి. నోట్లోకి వంపకండి. మా వాడు మొదటి రెండు రోజులు నాలుక బయటపెట్టి కుక్కపిల్లలా నాకాడు. మూడోరోజు పై పెదవి కిందికి దించి అంచు పట్టుకున్నాడు. సగం గడ్డం మీదుగా బనీనులోకి కారింది, మిగతా సగం "గుటుక్" మని లోపలికి పోయింది. ఆ చప్పుడు వాడికే వింతగా ఉండి నా మొహం చూసి నవ్వాడు. వారం తర్వాత అదే గ్లాసులో పాలు పోశాను. సీసాలో ఇచ్చేంత వేడిగానే ఇచ్చాను, చల్లారితే తాగేవాడు కాదు.

ముందు సాయంత్రం సీసా తీసేశాం. అది ఆకలికో నిద్రకో కాదు, ఉత్త అలవాటు. దాని బదులు రాగి జావ పెట్టే పని అత్తమ్మకే అప్పజెప్పాను. డాక్టరు చెప్పింది నేను వందసార్లు చెప్పినా వినలేదుగానీ, "నా చేతుల మీదుగ తింటుండు" అనుకున్న రోజు నుంచి ఆవిడే వాడకట్టంతా సీసాలు మానిపించే పనిలో పడింది. తర్వాత పొద్దున్నది, ఆ తర్వాత మధ్యాహ్నంది. ఒక్కోదానికీ నాలుగైదు రోజులు పట్టింది. పాప క్రెష్‌లో ఉంటే అక్కడి ఆయమ్మకీ గట్టిగా చెప్పండి. ఇంట్లో గ్లాసు, అక్కడ సీసా అయితే మళ్లీ మొదటికొస్తుంది.

రాత్రిది చివరికి ఉంచుకోండి, కానీ వదిలేయకండి. అసలు నష్టం దానితోనే. నిద్రలో నోట్లో లాలాజలం తగ్గిపోతుంది, పాలు పై ముందు పళ్ల చుట్టూ రాత్రంతా అలాగే నిలుస్తాయి. ఒకసారి పాప పై పెదవి ఎత్తి చిగుళ్ల దగ్గర పళ్ల మీద చూడండి. తెల్లగా సుద్ద గీత లాంటిది కనిపిస్తే పళ్ల డాక్టరుకి చూపించండి, పుచ్చు మొదలయ్యే గుర్తు అది. మా వాడికి పాలు కావాలని కాదు, పీక నోట్లో లేకపోతే నిద్ర పట్టదు. అందుకే పాలని మంచం దగ్గర్నుంచి హాల్లోకి మార్చాం. గ్లాసులో పాలు, పళ్లు తోమడం, లైటు తీసి భుజం మీద వేసుకుని లాలి. సీసాలో 240 నుంచి 180, 120, 60 అని రెండు మూడు రోజులకోసారి తగ్గిస్తూ వచ్చి, 60 దగ్గర ఆపేశాం. ఆపిన మొదటి రాత్రి గంటన్నర ఏడ్చాడు. మా ఆయన వాణ్ణి ఎత్తుకుని డాబా మీద తిప్పుతుంటే, నేను కింద సీసా కడిగి పెట్టుకుని కూర్చున్నాను, ఇంకో పది నిమిషాలైతే ఇచ్చేద్దామని. ఇవ్వలేదు. రెండో రాత్రి అరగంట, నాలుగో రాత్రికి అడగలేదు. మధ్యలో లేస్తే గ్లాసుతో నీళ్లే ఇచ్చాం.

పాపకి జ్వరమో, పళ్లు వస్తుండటమో, ఊరెళ్లాల్సిన పనో ఉన్న వారంలో ఇది మొదలుపెట్టకండి. గ్లాసుతో తాగిన ప్రతిసారీ పొలమారుతున్నా, పాలు ముక్కులోంచి వస్తున్నా, మామూలు కన్నా బాగా తక్కువగా ఒంటికి పోస్తున్నా డాక్టరుని కలవండి. ఉమ్మేయడం మాత్రం రోగం కాదు, రెండు వారాలు చేతికందేలా ఒక పాత టవల్ పెట్టుకోండి. చివరి సీసా ఆపిన రోజే ఇంట్లో ఉన్నవన్నీ తీసేయండి. నేను ఒకటి "ఎందుకైనా మంచిది" అని అల్మారాలో దాచాను. వారం తర్వాత బట్టల మధ్య వాడికే దొరికింది, ఆ పూటంతా ఇల్లు పీకి పందిరేశాడు.