మొదటి వారం లెక్క వేరు, పదేండ్ల లెక్క వేరు

హనుమకొండ

బిడ్డా,

మీ బ్యాండు మొదటి పాట బయటికి తెస్తున్నరని, అది చార్టు ఎక్కాలంటే ఏం చేయాలని అడిగినవ్. చార్టు ఎక్కుడు ఒక పని, జనం నోట్లో నిలబడుడు ఇంకో పని. మొదటిది వేగంగ చెప్పి ముగిస్త, రెండోదాని గురించి చెప్పేది చాలా ఉంది.

చార్టు అంటే ఏ పాటను ఎంతమంది విన్నరు, కొన్నరు అనే వారం లెక్క. అమెరికాలో బిల్‌బోర్డు గానీ బ్రిటన్‌లో అధికారిక చార్టు గానీ శుక్రవారం నుంచి గురువారం దాకా లెక్కపెడ్తయ్. పాట శుక్రవారం వదిలితే ఏడు రోజులు నిండుగ దొరుకుతయ్. మంచిరోజని ఆదివారం వదిలితే ఆ వారానికి ఐదే మిగుల్తయ్. పాటను స్పాటిఫై లాంటి వినే యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్‌కు నాలుగు వారాల ముందే అన్నీ పంపు: 24 బిట్ వేవ్ ఫైలు, 3000 బై 3000 పిక్సెళ్ల కవర్ బొమ్మ, సాహిత్యం. స్పాటిఫై ప్లేలిస్టు ఎడిటర్లకు విడుదలకు కనీసం ఏడు రోజుల ముందు పాట చేరాలె.

బ్యాండు పేరు స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తేడా వచ్చినా యాప్‌లో మీకు ఇంకో పేజీ పుట్టి, వినేటోళ్ల లెక్క రెండుగ చీలుతది. ఏ రికార్డింగ్ ఏదో గుర్తుపట్టేటందుకు పాటకు ఐఎస్‌ఆర్‌సీ అని 12 అక్షరాల కోడు వస్తది, దాన్ని రాసి పెట్టుకో. రేపు డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినా అదే రికార్డింగ్‌కు అదే కోడు ఇయ్యాలె, లేకుంటే లెక్క సున్నా నుంచి మొదలైతది. మళ్లీ పాడి రికార్డు చేస్తే మాత్రం కొత్త కోడే.

30 సెకన్లు వింటేనే స్పాటిఫై దాన్ని ఒక వినికిడి కింద లెక్కేస్తది. ముందుమాట లెక్క 40 సెకన్ల గిటార్ పెడితే గొంతు వినకముందే జనం దాటిపోతరు. 10, 15 సెకన్లలో గొంతు రావాలె, ముప్పావు నిమిషంలోపు పల్లవి అందాలె. ఇంకో మాట: పైసలిచ్చి వినికిడులు కొనుక్కోమని ఎవరన్న వస్తే గుమ్మం దగ్గర్నుంచే పంపియ్. దొంగ లెక్క పట్టుబడితే పాటనే తీసేస్తరు, నిజంగ విన్నోళ్ల లెక్క గూడ పోతది.

ఇగ అసలు సంగతి. లాస్ వెగాస్ బ్యాండు ది కిల్లర్స్ పాట 'మిస్టర్ బ్రైట్‌సైడ్' 2004లో బ్రిటన్ చార్టులో పదో స్థానం దాటి పైకి పోలేదు. కానీ అక్కడి టాప్ 100లో 400 వారాలు దాటి ఉన్నది. ఒకటో స్థానం ఎన్నడూ చూడని పాటల్లో, అమ్మకాలు, ఆన్‌లైన్ వినికిడులు కలిపితే, ఆ దేశంలో అన్నిటికంటే పెద్దది ఇదేనని 2024లో తేలింది. ఎందుకు? పెండ్లిలో, క్లబ్బులో, స్టేడియంలో ఆ పాట మొదలైతే గాయకుడు లేకున్నా జనమే పాడుతరు.

ఈ కిటుకు మనకు కొత్త కాదు. బతుకమ్మ కాడ చూడు. ఒక్కామె చరణం అందుకుంటది, 'ఉయ్యాలో' అని మిగిలినోళ్లంతా అందుకుంటరు. పాట మొత్తం రాకున్నా ప్రతి చరణంలో వాళ్ల వంతు వాళ్లకున్నది. మీ పాటలో జనం వంతు ఎక్కడున్నది? పల్లవి చివర రెండు మూడు మాటలు, ప్రతిసారీ మారకుండ, చప్పట్ల మీద పడేటట్టు పెట్టు.

ఆ వంతు కట్టేటప్పుడు మన భాష గుణం చూసుకో. తెలుగు మాట అచ్చుతో ముగుస్తది, అది మనకు వరం. పొడుగు స్వరం మీద 'ఆ', 'ఓ' పడితే నోరు తెరుచుకుంటది, పదివేల మంది పాడినా వినబడ్తది. హ్రస్వం మీద సాగదీస్తే మాటే మారిపోతది: 'పడు' అనే మాటను 'పాడు' అని లాగితే అర్థమే వేరైతది. 'కొట్టు', 'పట్టు' లాంటి ద్విత్వాలు స్నేర్ డ్రమ్ము దెబ్బ మీద పడాలె.

పల్లవి సా నుంచి పై సా దాటొద్దు. దాటితే జనం నోరు మూసుకుని ఫోన్లు పైకెత్తుతరు. స్టూడియోలో మీ గాయకుడు ఉత్సాహంల శ్రుతి పెంచుతడు, స్టేజీ మీద పదో పాటకు గొంతు పగులుతది. ప్రాక్టీసు చివర్ల, అలిసిన గొంతుతో పల్లవి మూడుసార్లు వరుసగ పాడమను. మూడోసారి గీరుకుంటే అర శ్రుతి, అవసరమైతే ఒక శ్రుతి దించు.

మాస్టరింగ్‌లో, అంటే పాటకు ఆఖరి మెరుగు పెట్టేటప్పుడు, శబ్దం పిండి పిండి పెంచొద్దు. స్పాటిఫై ఎట్లాగూ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (శబ్దం ఎంత గట్టిగుందో కొలిచే లెక్క) తెచ్చి వినిపిస్తది, మీకు మిగిలేది నలిగిన డ్రమ్సే. శిఖరం మైనస్ 1 డీబీ కాడ ఆపు. ఫోన్ స్పీకర్ల, ఆటో స్పీకర్ల విను, ఫోన్‌లో బేస్ వినబడకుండ పోతే దాని పైస్థాయి మీద కొంచెం డిస్టార్షన్ కలుపు.

పాట మొదట్ల ఆడకపోతే బాణీ పారేయకు. నార్వే బ్యాండు ఆ-హా 'టేక్ ఆన్ మీ'ని 1984లో వదిలితే బ్రిటన్‌లో ఎవరూ పట్టించుకోలేదు. నిర్మాత అలన్ టార్నీతో మళ్లీ రికార్డు చేసిన్రు, తర్వాత పెన్సిల్ బొమ్మల వీడియో తోడైంది. 1985 అక్టోబరులో అమెరికాలో ఒకటో స్థానం. ఆ వీడియోను చూసిన లెక్క యూట్యూబ్‌లో 2020లో వంద కోట్లు దాటింది.

స్టేజీ మీద కొత్త పాట మొదలు పెట్టకు, ఆఖరుకూ ఉంచకు. మూడోదిగ పాడు, సౌండ్ అప్పటికి కుదురుకుంటది. మే నెలల గిటార్ తీగలు వేడికి వదులై శ్రుతి దిగుతయ్. పావుగంట ముందు స్టేజీ మీదనే ఉంచి అప్పుడు శ్రుతి చెయ్. రాత్రి 10 తర్వాత మామూలుగ మైకులకు అనుమతి ఉండదు. ఎన్‌ఐటీ స్ప్రింగ్‌స్ప్రీ అయినా, గల్లీ ఉత్సవమైనా మీ ముందోళ్లు ఆలస్యం చేస్తరనుకుని, కోసేయగల రెండు పాటలు ముందే గుర్తు పెట్టుకో.

ఇది మాత్రం ఇయ్యాలనే చెయ్: సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది, ఎవరికి ఎంత శాతం, ఒక కాగితం మీద రాసి అందరూ సంతకాలు పెట్టుండ్రి. 2012 చట్ట సవరణ తర్వాత రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను మ్యూజిక్ కంపెనీలకు వదులుకోలేరు. రచయితల, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే సంఘం ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకుంటే ఆ పైసలు వస్తయ్. పాట ఆడకముందు ఈ మాట సులువు, ఆడినాక స్నేహాలు తెగుతయ్.

నాకు పాట పంపేటప్పుడు మిక్స్ పంపకు. ఒక గిటారు, ఒక గొంతు, ఫోన్‌లో రికార్డు చేసి పంపు. పల్లవి శ్రుతి దించాల్నో వద్దో అందులో విని చెప్త.

నీ
పెద్దబాపు