ముడుపు గుడ్డ విప్పే ముందు

పెద్దబజారు,
నెల్లూరు.

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో చెప్పిన నాణెం కొనవద్దు. ఆ బ్రోకరుకి అడ్వాన్సు ఇచ్చి ఉంటే పొద్దున్నే వెళ్ళి వెనక్కి అడుగు. ఇవ్వనంటే పోనీ, మిగతా డబ్బయినా నిలుస్తుంది. నాకు వినికిడి తగ్గాక ఫోన్‌లో పెద్ద మాటలు కుదరడం లేదు. అందుకే కొట్టు మూసి వచ్చి, నిదానంగా కూర్చుని రాస్తున్నాను.

ఒక పక్క శ్రీరామ పట్టాభిషేకం, రెండో పక్క ఈస్టిండియా కంపెనీ పేరు, అరణా, 1818 అని ఉందన్నావు. 40 వేలు చెబుతున్నాడన్నావు. అల్లుడూ, కంపెనీ అట్టాంటి నాణెం ఏనాడూ వేయలేదు. 1818 దాకా మన మద్రాసు ప్రాంతంలో లెక్కంతా వరహాల్లో, ఫణాల్లో, కాసుల్లోనే నడిచింది. 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. రూపాయి లెక్క ప్రధానమైంది ఆ ఏటి నుంచి. రాముడు, సీత, హనుమంతుడు ఉన్న బిళ్ళల్ని రామటంకాలంటారు. అవి పూజ కోసం గుళ్ళ దగ్గర కొనుక్కునేవి, చెలామణీ డబ్బు కాదు. పాతకాలపు వెండి రామటంకా ఇంట్లో ఉంటే దేవుడి మందిరంలో పెట్టుకో, మంచిదే. దానికి కంపెనీ పేరు తగిలించి, 1616 అనో 1717 అనో 1818 అనో వేసినవి మాత్రం ఈమధ్య తయారుచేసినవి. చెల్లని రూపాయికి గీతలెక్కువ అని మా నాయన ఊరికే అనలేదు. బియ్యపు గింజల్ని లాగుతుందని చెప్పి రాగి వస్తువులు అంటగట్టే రైస్ పుల్లింగ్ వాళ్ళదీ ఇదే దారి. దాని వెంటబడి పొలం అమ్ముకున్నవాళ్ళని నేను దగ్గరగా చూశాను. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి, పాత నాణేలకు లక్షలొస్తాయి, ముందు కమీషను కట్టండి అనే మోసాలు నడుస్తున్నాయని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ప్రకటన ఇచ్చింది.

నాణేల మీద ఇష్టం పుట్టినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. కానీ 40 వేలతో కాదు, నీ గల్లాపెట్టెతో మొదలుపెట్టు. రోజూ షాపు మూసేటప్పుడు చిల్లర లెక్కపెడతావు కదా, అప్పుడే సంవత్సరం అంకె కింద చూడు. నక్షత్రం ఉంటే అది మన హైదరాబాదు టంకశాలది. డైమండు గుర్తు ఉంటే బొంబాయిది, గుండ్రటి చిన్న బొట్టు ఉంటే నోయిడాది, ఏమీ లేకపోతే కలకత్తాది. ఒక్క రూపాయి బిళ్ళనే తీసుకుని, ఏ సంవత్సరం ఏ టంకశాలది దొరికిందో ఏడాదిపాటు రాసుకుంటూ పో. ఖర్చు ఏమీ ఉండదు, కన్ను మాత్రం పదునెక్కుతుంది. నా కన్ను తెరుచుకుంది కూడా గల్లా దగ్గరే. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు లెక్కన నయాపైసలు వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. అణాకు ఆరు నయాపైసలంటే ఒప్పుకోని ముసలివాళ్ళు, నాలుగణాల పావలాకు 25 వస్తుంటే అణాకు ఆరేకాలు రావాలి కదా, ఆ కాలు ఏమైందని మా నాయనతో తగువేసుకునేవాళ్ళు. న్యాయమైన తగువే. వాళ్ళకి నచ్చజెప్పడానికి పాతవీ కొత్తవీ పక్కపక్కన పేర్చి చూపించే పని నాకు అప్పజెప్పాడు. అప్పటినుంచీ ఆ పేర్చడం ఆగలేదు.

ఇప్పుడు నేను ఎవరికీ పెద్దగా చెప్పని సంగతి ఒకటి రాస్తాను. మనది రాగి, ఇత్తడి సామాన్ల కొట్టు. పాత సామాను తూకానికి కొని, కంచరివాళ్ళ మూసకు పంపి, కొత్త బిందెలు తెచ్చి అమ్మేవాళ్ళం. నాకు 23 ఏళ్ళప్పుడు, మా నాయన ఊళ్ళో లేని రోజున, పెన్న అవతల ఊరి నుంచి ఒకతను గోనెసంచి నిండా రాగి బిళ్ళలు తెచ్చాడు. ఒక పక్క సింహాలున్న కంపెనీ ముద్ర, 1808 అంకె, రెండో పక్క పారశీక లిపి. పదికాసుల, ఇరవైకాసుల బిళ్ళలు. నాకు అవేమిటో కొంచెం తెలుసు కూడా. నాలుగు తీసి జేబులో వేసుకున్నాను. మిగతావి కిలోల లెక్కన కట్టి మూసకు పంపేశాను. ఏ ఊరివి, ఎవరింట్లోవి, నేలలోంచి తీసినవా అటక మీద దొరికినవా, ఒక్క మాట అడగలేదు.

తర్వాత చాలా ఏళ్ళకి ఒక సంగతి తెలిసింది. ఆ 1808 కాసులు ఇంగ్లండులో ముద్రించినవి. వాటిని టన్నుల కొద్దీ మద్రాసుకు తెస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809లో బయల్దేరిన కొద్దిరోజులకే ఇంగ్లండు ఒడ్డునే, గుడ్‌విన్ ఇసుకతిన్నెల దగ్గర మునిగింది. 1980ల్లో గజ ఈతగాళ్ళు దిగి ఆ నాణేలు పైకి తీశారు. వాటిని ఇప్పుడు ప్రపంచమంతా పేరు పెట్టి, ఓడ కథతో సహా దాచుకుంటున్నారు. సముద్రంలో పడ్డవి బతికాయి. క్షేమంగా నెల్లూరు చేరినవాటిని నేను కరిగించాను. ఆ రోజు తూకానికి వచ్చిన లాభం ఎంతో నాకు గుర్తు లేదు. ఆ మనిషి ముఖం మాత్రం ఇప్పటికీ గుర్తుంది. ఊరి పేరు అడిగి ఉంటే చెప్పేవాడు.

మన ఊరికి ఇది కొత్త కాదు. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుకల కట్టడం తగిలింది. శిథిలమైన చిన్న గుడి అది. దాని కింద కుండలో రోము చక్రవర్తుల బంగారు నాణేలు దొరికాయి. ట్రాజన్‌వి, హేడ్రియన్‌వి, ఫాస్టీనా రాణివి. రైతు పాత బంగారం కింద అమ్మేశాడు, చాలావరకు కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమ్రా చేతికి 30కి పైగా చిక్కాయి. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ వాటిని చూసి 1787లో ఉత్తరం రాయబట్టి మనకు ఈపాటి సంగతి తెలుస్తోంది. కొన్ని నిన్ననే టంకశాల నుంచి వచ్చినంత మెరుపుతో ఉన్నాయట, కొన్ని అరిగి, చిల్లులు పడి ఉన్నాయట. చిల్లులంటే ఏమిటో నీకు చెప్పక్కర్లేదు, కాసులపేరులోనో దండకడియంలోనో గుచ్చుకున్నవి. రోము చక్రవర్తి మన ఆడబిడ్డ మెడలో వేలాడాడన్నమాట. ఒక్క ఉత్తరం లేకపోతే ఇదంతా వట్టి బంగారం.

ఇంకొకటి గమనించు. ఒక కుండలో ఎన్ని నాణేలున్నా అన్నిటికంటే కొత్తదాని కాలం చూడాలి. అంతకుముందు ఆ కుండ మూత పడి ఉండదు. ఫాస్టీనా రెండో శతాబ్దం మనిషి, కాబట్టి ఆ కుండ అంతకు ముందుది కాదు. కానీ నాణేలు విడిపోతే ఈ లెక్క ఎవరూ కట్టలేరు. కలిసి దొరికినవాటిని విడదీయకు, అమ్మకు, పంచకు.

అందుకే నీకు చిట్టా రాయడం నేర్పాలనుకుంటున్నాను. వ్యాపారస్తుడివి, లెక్కలు నీకు కొత్త కాదు. గట్టి అట్ట పుస్తకం ఒకటి నాణేలకే కేటాయించు. ప్రతి నాణేనికీ ఒక నంబరు. కొన్న తేదీ, ధర, ఎవరి దగ్గర, వాళ్ళకి ఎట్టా వచ్చింది, ఏ ఊరు, బరువు, అడ్డకొలత, రెండు వైపులా ఏముంది, అన్నీ రాయి. వాళ్ళు చెప్పింది అబద్ధమని అనుమానం వచ్చినా రాయి, అనుమానమని కూడా పక్కనే రాయి. కంప్యూటరులో పెట్టుకుంటావేమో, పెట్టుకో, పుస్తకం మాత్రం మానకు. నా దగ్గర ఇట్టాంటివి ఏడు పుస్తకాలున్నాయి. కొన్ని నాణేల ధర వాటి చిట్టా రాత కంటే తక్కువ.

తూకం దగ్గర అశ్రద్ధ వద్దు. గ్రాములో నూరో వంతు చూపే చిన్న కాటా కొనుక్కో. 1514లో కృష్ణదేవరాయలు మన ఉదయగిరి గెలిచి, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఆయన వరహాల మీద వెన్నముద్ద పట్టుకుని కూర్చున్న బాలకృష్ణుడు ఉంటాడు, వెనక నాగరి లిపిలో శ్రీ ప్రతాప కృష్ణరాయ అని మూడు వరసలుంటాయి. ఉదయగిరి మనది కదా, ఆ వరహా ఒక్కటి నా దగ్గర ఉండాలని ఎంత కోరికో. 31వ ఏట ఒకతను తెచ్చి చూపిస్తే రాత్రిపూట, దీపం వెలుతురులో, తూకం వేయకుండా కొన్నాను. తెల్లారి ఆచారి దగ్గర తూస్తే రావలసిన 3.4 గ్రాములకు అర గ్రాము తక్కువ. అంచు చుట్టూ పోత అతుకు గీత. బంగారం నిజమే, నాణెం కొత్తది. ఆ డబ్బు సరుకు కోసం తీసిపెట్టింది. దీపావళి ముందు బిందెలు లేక బేరాలు పోయాయి, మీ అత్తయ్య గాజులు తాకట్టు పెట్టి నెట్టుకొచ్చాను. అప్పటినుంచీ కొట్టు డబ్బు వేరు, నాణేల డబ్బు వేరు. నెలకు ఇంత అని నాణేల కింద తీసి పక్కన పెట్టు, అది అయిపోతే ఎంత మంచిది వచ్చినా నమస్కారం పెట్టి పంపెయ్. రాత్రిళ్ళు కొనకు.

నాణేల్ని కడగొద్దు. చింతపండు, నిమ్మకాయ, ముగ్గు, పాలిషు ఏదీ ముట్టించకు. మన కొట్టులో చింతపండుతో తోమి తళతళలాడించడమే వృత్తి కాబట్టి నాకు ఈ అలవాటు మానడం చాలా కష్టమైంది. రాగి మీద వందేళ్ళుగా పేరుకున్న ఆ గోధుమరంగు పొర దాని చర్మం. మట్టి ఉంటే డిస్టిల్డ్ నీళ్ళలో నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్దు, రుద్దకు. పట్టుకునేటప్పుడు అంచులే పట్టుకో. మెత్తటి పీవీసీ కవర్ల ఆల్బములు వాడకు, మన ఉక్కకు అవి చెమర్చి నాణేలకు పచ్చటి జిగురు పట్టిస్తాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళం మనం, సిలికా జెల్ పొట్లాలు పెట్టి మార్చుకుంటూ ఉండు. లేతపచ్చ పొడి రాలుతున్న రాగి నాణేన్ని మిగతావాటి నుంచి ఆ రోజే వేరు చెయ్. ఏనాటికైనా శాతవాహనుల సీసపు నాణెం నీ చేతికొస్తే, మన కోస్తాకే ప్రత్యేకమైన రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మది వస్తే ఇంకా అదృష్టం, దాన్ని చెక్కపెట్టెలో మాత్రం దాచకు. చెక్క నుంచి వచ్చే పులుపు ఆవిరికి సీసం తెల్లగా పొడిబారిపోతుంది.

చట్టం సంగతి. నేలలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతుంది. నిన్ననే పొలంలో దొరికింది అని ఎవరైనా తెస్తే కొనకు, తహసీల్దారు ఆఫీసుకు పోయే దారి చూపించు. వందేళ్ళు దాటినవి విదేశాలకు పంపకూడదని 1972 చట్టం ఉంది. బేరంలో ఇంకో నియమం నేను పెట్టుకున్నది. తెచ్చిన మనిషికి దాని విలువ తెలియకపోతే ముందు విలువ చెప్పి, తర్వాత బేరమాడతాను. కొన్ని చేజారాయి. ఆ ఇళ్ళవాళ్ళే తర్వాత వాళ్ళ చుట్టాల్ని నా దగ్గరికి పంపారు.

మద్రాసు వెళ్ళినప్పుడల్లా ఎగ్మూరు మ్యూజియంలో ఒక పూట గడుపు. అసలు నాణేల్ని పది గంటలు చూసిన కంటికి నకిలీ దానంతటదే ఎదురు తిరుగుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. కోవూరు ఇల్లు సర్దుతుంటే మీ అమ్మమ్మ ట్రంకుపెట్టె అడుగున చిల్లర మూట ఒకటి దొరికిందని, పసుపు గుడ్డలో కట్టి ఉందని మీ అమ్మ చెప్పింది. విప్పావా? విప్పకపోతే అట్టాగే ఉంచు. అది కలెక్షన్ కాదురా, ముడుపు. పెంచలకోన నరసింహస్వామికి మొక్కుకుని కట్టి ఉంటుంది, మా అమ్మ ఇంకో దేవుడికి మొక్కేది కాదు. 1957 వానాకాలంలో నాకు టైఫాయిడ్ వచ్చి నెల్లాళ్ళు మంచంలో ఉన్నాను. నాకంటే ముందు ఒక మగబిడ్డ పుట్టి, 1945లో, ఏడాది తిరక్కుండానే పోయాడు. అమ్మ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు, మేమూ అడగలేదు.

లోపల నయాపైసలుంటే అది నా కోసం కట్టింది అయ్యుండొచ్చు. నయాపైసలకు ముందటి చిల్లు కాణీలు, బేడలు, అణాలే ఉండి, అన్నిటికంటే కొత్తదాని మీద 1945 లోపు అంకె ఉంటే గట్టిగా చెప్పలేం గానీ, మా అన్న కోసం కట్టిందేమో. నేను ఆదివారం కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లో వస్తాను. కాటా, పుస్తకం నేనే తెస్తాను. ముడి మీ అమ్మ చేత విప్పిద్దాం. గుడ్డను ఉతకొద్దని చెప్పు, ముడి ఎట్టా పడిందో ఫోటో తీసి ఉంచు. అన్నీ రాసుకున్నాక ముగ్గురం పెంచలకోన వెళ్ళాలి, మొక్కు ఇంకా తీరలేదు.

ఉంటాను,
మీ మామయ్య