పదకొండు గంటల మీటింగు

(ఊళ్ళలో ఆరోగ్య కమిటీలు నడిపేవాళ్ళ ఉత్తరాలకు ఈ శీర్షికలో జవాబులిస్తున్నది, ఉత్తర కోస్తాలో 33 ఏళ్ళు ఏఎన్‌ఎంగా, ఆ తర్వాత హెల్త్ సూపర్‌వైజర్‌గా చేసి రిటైరైన ఒక పెద్దావిడ.)

ప్రశ్న: సూపర్‌వైజరమ్మ గారికి నమస్కారం. డిగ్రీ అయ్యాక ఊళ్ళోనే ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. మాది విజయనగరం జిల్లాలో సముద్రం ఒడ్డు పంచాయతీ. ఊరు, ఎస్సీ కాలనీ, కిలోమీటరు అవతల జాలర్ల పాలెం, మూడూ ఒకే పంచాయతీ కింద ఉన్నాయి. పిల్లలు ఖైనీ, గంజాయి జోలికి పోకూడదని సర్పంచ్ గారు, హెచ్‌ఎం గారు, ఆశ అక్క, డ్వాక్రా లీడర్లు, యూత్ కుర్రాళ్ళు, ఒక ఆర్‌ఎంపీ డాక్టరు, నేను కలిసి ఒక కమిటీ పెట్టాం. ఎనిమిది నెలలైంది. ఫ్లెక్సీలు కట్టాం, ర్యాలీ తీశాం, బడి పక్కన ఒక ముసలామె బడ్డీ మూయించాం. ప్రతి నెలా మొదటి సోమవారం పదకొండింటికి పంచాయతీ ఆఫీసులో మీటింగు. పాలెం నుంచి, కాలనీ నుంచి ఒక్కరూ రారు. పొగాకు ఎక్కువ ఉన్నది పాలెంలోనే. ఆడవాళ్ళు కూడా చుట్ట తిరగేసి అడ్డపొగ తాగుతారు. కమిటీలో వాళ్ళేమో "వాళ్ళకి ఎంత చెప్పినా మారరు, వదిలెయ్యమ్మా" అంటున్నారు. వదిలెయ్యాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మాయ్, నీ ఉత్తరంలో నా చూపు ఆగిపోయిన మాట "పదకొండింటికి". ఆ టైముకి పాలెంలో ఆడవాళ్ళు ఎక్కడుంటారో ఎప్పుడైనా చూశావా? తెల్లారకుండానే తెప్పలొస్తాయి. ఇసకలోనే పాట పెట్టి చేపలు కొనుక్కుని, తట్టకెత్తుకుని, ఆటో పట్టుకుని టౌన్‌కి పోతారు. నువ్వు రిజిస్టరు తెరిచే టైముకి ఆవిడ ఎవరి గేటు ముందో గొంతుక్కూర్చుని నెత్తళ్ళు బేరమాడుతూ ఉంటుంది. ఇంటికొచ్చేసరికి మూడవుతుంది. కాలనీ ఆడవాళ్ళు ఉపాధి పనిలోనో, ఎవరి చేలోనో ఉంటారు. మీటింగుకి రావాలంటే ఆ రోజు కూలి పోతుంది. పదకొండింటికి ఖాళీగా ఉండేది సర్పంచ్ గారు, హెచ్‌ఎం గారు, ఆర్‌ఎంపీ గారు, ఏ ఉద్యోగమూ రాని నువ్వూ. అందుకే మీ కమిటీలో మీరే ఉన్నారు.

నిన్ను తప్పు పట్టడానికి అనడంలేదు. నేనూ అదే పని చేశాను, అదీ జీతం తీసుకుని మరీ. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చింది, దాని వెంట ఊరూరా ఆరోగ్య పారిశుద్ధ్య కమిటీలు వేయమన్నారు. నా సబ్‌సెంటర్ కింద వేసిన మొదటి కమిటీలో పాలెం నుంచి రెండు పేర్లు రాసుకున్నాను. ఆ ఇద్దరూ ఒక్క మీటింగుకీ రాలేదు. నేనేం చేశానంటావ్? మినిట్స్ బుక్కు చంకలో పెట్టుకుని సాయంత్రం వాళ్ళ ఇళ్ళకెళ్ళి వేలిముద్రలు వేయించుకున్నాను. పుస్తకం నిండుగా ఉండేది. తనిఖీకొచ్చినాయన మెచ్చుకున్నాడు కూడా. సాయంత్రం వాళ్ళు ఇంట్లో ఉంటారని తెలిసి, అడుగులో అడుగేసుకుంటూ వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి కూడా, ఆ మీటింగేదో అక్కడే పెడదామన్న ఆలోచన నాకు రెండేళ్ళ దాకా తట్టలేదు.

ఇక అడ్డపొగ సంగతి. చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగడం మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరంలో ముసలమ్మలకి తల్లుల నుంచి వచ్చింది. ఒకసారి ఒకావిడ బీపీ మాత్రల కోసం సబ్‌సెంటర్‌కొచ్చి, అరుగు మీద కూర్చుని చుట్ట తిరగేసి పెట్టుకుంది. పది మంది ముందు నేను, "ఛీ, నిప్పు నోట్లో పెట్టుకుంటావా, మనిషివేనా?" అన్నాను. ఆవిడేమీ అనలేదు. చుట్ట నేలకేసి నలిపి లేచిపోయింది. పోయిన మనిషి రెండేళ్ళు రాలేదు. బీపీ మాత్రలకీ రాలేదు. మనవరాలి టీకాలకి కోడల్ని పంపేది, తాను మాత్రం వీధి మలుపు దగ్గరే నిలబడేది.

చివరికి నేనే చేపలు కొనే వంకన వెళ్ళాను. అదీ నాలుగోసారికి కూర్చోమంది. ఎందుకు తిరగేసి తాగుతావని ఈసారి మామూలుగా అడిగాను. "ఒడ్డున గాలమ్మా, సుట్ట తిరగేత్తే ఆరదు. సంకలో సంటిదుంటే బూడిద దాని మీద పడదు. మాయమ్మ అలాగే తాగేది" అంది. నాకప్పటిదాకా అది ఒట్టి మూర్ఖత్వం. ఆ గాలిలో, ఆ పనిలో దానికీ ఒక లెక్కుందని అప్పుడే తెలిసింది.

నోరు తెరవమని టార్చి వేసి చూశాను. అంగిలంతా తెల్లగా పాలిపోయి, మధ్య మధ్య ఎర్రటి చుక్కలు. ఒక పక్క పుండు. ఎన్నాళ్ళుగా ఉందంటే, "పోయిన సంకురేత్రికి ముందు నుంచీ" అంది. పెద్దాసుపత్రికి పంపితే కేన్సరన్నారు. అంగిట్లో కొంత తీసేశారు. బతికింది. కానీ ఆ తర్వాత ఆవిడ మాట ముక్కులోంచి వచ్చేది. ఆ రెండేళ్ళు నేను పోగొట్టినవే.

"చెప్పినా మారరు" అనే మీవాళ్ళకి ఒకటి చెప్పు. 1960ల చివర్లోనే పళ్ళ డాక్టర్లు శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి వేల మంది నోళ్ళు చూశారు. ఆ తర్వాత ఆ డాక్టర్ల బృందమే ఆ జిల్లాలో ఏళ్ళ తరబడి ఇళ్ళకి మళ్ళీ మళ్ళీ వెళ్ళి, చుట్ట మానమని నచ్చజెప్పింది. మానినవాళ్ళున్నారు. మానినవాళ్ళ అంగిట్లో మచ్చలు తగ్గడమూ చూశారు. ఫ్లెక్సీ కట్టి వచ్చేస్తే ఇది జరగదు. అదే గుమ్మంలోకి పదిసార్లు వెళ్తే జరిగింది.

వచ్చే నెల మీటింగు పాలెంలో పెట్టు. సాయంత్రం ఆరు దాటాక, వలలు బాగు చేసుకునే చోట. కుర్చీలు పట్టుకెళ్ళొద్దు. సర్పంచ్ గారికి ఒక కుర్చీ వేశావంటే అక్కడికి అది పంచాయతీ ఆఫీసే అయిపోతుంది. మొదటి రోజు పొగాకు మాట ఎత్తకు. ఊరి మ్యాపు వాళ్ళ చేతే ముగ్గుతో నేల మీద వేయించు. కుళాయిలు, కాలవ, దీపాలు, బడ్డీలు, ఎవరింట్లో మంచాన పడ్డవాళ్ళున్నారో అన్నీ. మా పాలెంలో ఈ పని చేయించినప్పుడు ఆడవాళ్ళు మొదట గీసింది కుళాయి లేని మూడు వీధులు. రెండు నెలలు ఆ కుళాయి చుట్టూ తిరిగాను. పంచాయతీ వాళ్ళు నీళ్ళు ఇచ్చాక, మూడో నెలలో వాళ్ళే "టార్చీ లైటు తెచ్చేవేటి?" అని అడిగారు.

మగవాళ్ళతో మాట్లాడాలంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం ఉంటుంది. మరబోట్ల మీద వెళ్ళేవాళ్ళందరూ ఆ 61 రోజులూ ఒడ్డునే ఉంటారు. చేతిలో డబ్బుండదు, టెన్షన్‌లో తాగుడూ అప్పుడే పెరుగుతుంది. ఏడాదిలో మీ కమిటీకి అంతకన్నా పనికొచ్చే కాలం లేదు.

కమిటీలో చోటు సంగతి కూడా చూసుకో. మీరు విడిగా పెట్టుకున్నదైనా సరే, ప్రభుత్వ గ్రామ ఆరోగ్య కమిటీకి 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు ఒకసారి చదివించుకో. తక్కువలో తక్కువ 15 మంది ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు, ఎస్సీ ఎస్టీలు తగినంత మంది, ప్రతి శివారు నుంచీ మనిషి ఉండాలి. అయితే నా అనుభవంలో పాలెం నుంచి ఒక్క మనిషిని తెచ్చి కూర్చోబెడితే ఆవిడ నోరు విప్పదు. ముగ్గురొస్తే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని మాట్లాడతారు. వాళ్ళ ఆటో చార్జీ కమిటీ ఇవ్వాలి. ఫ్లెక్సీకి పెట్టిన డబ్బుతో ఎన్ని ఆటోలొస్తాయో లెక్కేసుకో.

బడ్డీ సంగతి చదివి మాత్రం నాకు కోపమొచ్చింది. 2003 చట్టం ప్రకారం బడికి 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదు, 18 ఏళ్ళ లోపు పిల్లలకి ఎక్కడా అమ్మకూడదు. నిజమే, చట్టం మంచిదే. కానీ టేపు పట్టుకుని బడి చుట్టూ కొలిచారా? ఆ వంద గజాల్లో ఇంకే కిరాణా కొట్టూ లేదా? ఉన్నదాని ఓనరు కమిటీ మెంబరుకి బావమరిదా? నాకు తెలిసిన ఊళ్ళో సరిగ్గా ఇదే జరిగింది. బడ్డీ ముసలమ్మది మూతపడింది, రోడ్డు మీద పెద్ద కొట్లో దండలు దండలుగా ఖైనీ పొట్లాలు వేలాడుతూనే ఉన్నాయి. కుర్రాళ్ళు ఇరవై అడుగులు ఎక్కువ నడిచారు, అంతే. కొలిస్తే అందరివీ కొలవండి. ఆ ముసలమ్మని పిలిచి, పొగాకు తీసేసి బఠాణీలు, పుస్తకాలు, పెన్నులు పెట్టుకుంటే సరుకుకి డ్వాక్రా నుంచి అప్పిప్పిస్తామని చెప్పండి. బడి పక్కన ఎవరెవరు ఏమేం కొంటున్నారో ఆవిడ కన్నా మీకెవరు చెప్పగలరు? కమిటీలో ఆవిడ ఉండాలి.

గంజాయి పట్టిన కుర్రాడు పాలెం వాడైతే పోలీసులకి ఫోనూ, ఊళ్ళో వాడైతే "చదువుకునే పిల్లాడు, పరువు పోతుంది" అని వైజాగ్‌లో కౌన్సెలింగూ. ఇది మీ ఊళ్ళో లేదంటే సంతోషమే. 14446కి ఫోను చేస్తే డబ్బులు తీసుకోకుండా మాట్లాడతారు, ఎవరి పిల్లాడైనా. పొగాకు మానడానికి 1800-11-2356. ఈ రెండు నంబర్లూ ఫ్లెక్సీ మీద కాదు, తెప్పల పక్కన గోడ మీద రంగుతో రాయించు.

30 దాటినవాళ్ళకి నోటి పరీక్ష విలేజ్ క్లినిక్‌లో చేయాలి, అది ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. ఆశ అక్కతో మాట్లాడి పాలెంలో సాయంత్రం ఒక రోజు పెట్టించు. రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్ల మచ్చ, మూడు వేళ్ళు పట్టనంతగా నోరు తెరుచుకోకపోవడం, వీటిలో ఏదున్నా వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. కేన్సరైతే ప్రభుత్వ వైద్య సేవ కార్డు మీద వైద్యం చేస్తారు. కానీ కార్డున్నా తోడు వెళ్ళే మనిషి లేక ఆగిపోయినవాళ్ళని చాలామందిని చూశాను. ఆ తోడు మీ యూత్ కుర్రాళ్ళు వెళ్ళొచ్చు. ర్యాలీ కన్నా కష్టమైన పని అది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద లేచిన ఆడవాళ్ళు గుర్తున్నారా? నీకు గుర్తుండదులే, పుట్టి ఉండవు. కూలి చేసుకుని వచ్చి రాత్రి బడిలో అక్షరాలు దిద్దుతూ, అక్కడ మాట్లాడుకుని లేచారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా ఆగింది. ఆ బడి పదకొండింటికి పెట్టి ఉంటే ఎవరొచ్చేవాళ్ళు?

ప్రశ్న: నేను ఆశ వర్కర్‌ని. కమిటీకి వచ్చే ఫండ్ అంతా బ్లీచింగుకీ, ఫాగింగుకీ పోతోంది. అడిగితే రూల్స్ అలాగే ఉన్నాయంటున్నారు. నిజమేనా?
– ఒక ఆశ కార్యకర్త, పార్వతీపురం మన్యం జిల్లా

జవాబు: తల్లీ, అలాంటి రూలేమీ లేదు. ఏడాదికి ఊరికి 10,000 దాకా ఇచ్చే ఆ డబ్బుని "అన్‌టైడ్" అన్నదే, దేనికి ఖర్చు పెట్టాలో కమిటీయే కూర్చుని తేల్చుకోమని. బ్లీచింగుకే ఎందుకు పోతుందంటే, బిల్లు తేలిగ్గా వస్తుంది, చల్లింది ఫొటోలో తెల్లగా కనిపిస్తుంది. నా రోజుల్లో సర్పంచ్‌కీ నాకూ జాయింటు అకౌంటు. ఒక ఏడాది మొత్తం బ్లీచింగు ఎక్కడెక్కడ పడిందో చూద్దామని కాలవ వెంట నడిచాను. రామాలయం దాకా తెల్లగా ఉంది. గుడి దాటితే కాలవే లేదు, మురుగు ఇళ్ళ మధ్యే నిలిచింది. డెంగీ వచ్చిన నాలుగిళ్ళూ అక్కడే.

నువ్వు కూడా ఒకసారి నడువు, కమిటీలో ఇద్దర్ని వెంటబెట్టుకుని. చల్లడం ఈసారి చివరింటి నుంచి మొదలుపెట్టి ఊళ్ళోకి రమ్మను. సగంలో బ్లీచింగు అయిపోతే ఊళ్ళో పెద్దవాళ్ళే మిగతాది తెప్పిస్తారు. చివరి వీధి వాళ్ళు అడిగితే తెప్పించరు. మన్యంలో కాన్పు నొప్పులొస్తే రోడ్డు దాకా డోలీ మోసే ఖర్చుకి కొంత పక్కన పెట్టమని తీర్మానంలో రాయించు. నోటితో చెప్పింది పై నెలకి ఎవరికీ గుర్తుండదు.

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటాం. ఇక్కడ పిల్లల్లో మత్తు అలవాట్లు ఆపడానికి ఫెడరల్ గ్రాంటుతో నడిచే ఒక కమ్యూనిటీ కూటమిలో నన్ను చేర్చుకున్నారు. తల్లిదండ్రులు, బడి, పోలీసు, వ్యాపారులు, మతసంస్థలు ఇలా 12 వర్గాల నుంచి మనుషులుండాలని రూలు. "ఏషియన్ల" తరఫున నేనొక్కదాన్నే. అందరి గురించీ నన్నే అడుగుతారు. నాకు తెలిసింది మా సబ్‌డివిజన్ (ఇళ్ళ కాలనీ) వాళ్ళే. ఏం చేయను?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ 12 వర్గాల లిస్టులో గ్యాస్ స్టేషన్‌లో రాత్రి డ్యూటీ చేసే తెలుగు కుర్రాడు ఏ వర్గం కిందికొస్తాడు? మోటెల్లో గదులు ఊడ్చే ఆవిడ? తెలీదని మీటింగులో తెలీదనే చెప్పండమ్మా, మొహమాటపడొద్దు. మనవాళ్ళంతా డాక్టర్లూ ఇంజనీర్లే, మాకు అలాంటి అలవాట్లుండవు అని ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం ఊరుకోకండి. అలా అనుకున్న ఇళ్ళల్లోనే పిల్లాడి సంగతి ఆఖర్న బయటపడుతుంది. గుడిలో ఆదివారం భోజనాల దగ్గర గరిటె పట్టుకుని నిలబడండి. ప్లేటు తీసుకుని చివర్న ఒక్కళ్ళే కూర్చునేవాళ్ళుంటారు, ముందు వాళ్ళ పక్కన కూర్చోండి. వాళ్ళలో ఇద్దరు వస్తామంటే మీ కూటమి మీటింగు టైము మార్చమని అడగండి. అక్కడ కూడా పగలే పెట్టి ఉంటారు, చూడండి.