సందేహాలు – సమాధానాలు: దేవుణ్ణి ‘అనుమానం’తో తెలుసుకోవచ్చా?

సందేహం: ఒక ఆధ్యాత్మిక వ్యాసంలో ‘అనుమానం చేత ఈశ్వరుడు సిద్ధిస్తున్నాడు’ అని చదివాను. అదే వ్యాసంలో కాస్త కిందికి వెళ్తే ‘సంశయాత్మా వినశ్యతి’ అన్న గీతావాక్యం ఉంది. అనుమానిస్తే దేవుడు దొరుకుతాడా, చెడిపోతామా? నమ్మకం, విశ్వాసం, శ్రద్ధ ఒకటేనా? ‘దేవుణ్ణి నమ్ముతాను’, ‘దేవుడున్నాడని నమ్ముతాను’ అన్న మాటల్లో తేడా ఉందా? (అమలాపురం నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: వ్యాసంలో తప్పు లేదండి. సంస్కృతపు మాటను సంస్కృతార్థంలోనే వాడేసి, తెలుగు చదువరికి ఆ సంగతి చెప్పకుండా వదిలేశారు, అంతే. మనకు అనుమానమంటే శంక. ‘వాడి మీద అనుమానంగా ఉంది’ అంటే ఇంకో అర్థం తోచదు. తర్కశాస్త్రంలో అనుమానమంటే కనిపించే గుర్తును పట్టి కనిపించనిదాన్ని నిశ్చయించడం. శంకకు అక్కడ వాడే మాట సంశయం. గీత హెచ్చరించింది సంశయం గురించి. వ్యాసకర్త ఈశ్వరుణ్ణి సాధించింది, అంటే ఉన్నాడని నిరూపించింది, అనుమానంతో. సంశయాన్ని తీర్చే సాధనానికీ సంశయానికీ తెలుగులో ఒకే పేరు పడటం వల్ల మీకు ఈ చిక్కు వచ్చింది.

తర్కశాస్త్రానికి మూలగ్రంథమైన న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు అనుమానానికి ఇచ్చిన ఒక ఉదాహరణ గోదావరి ఒడ్డువాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు. నదిలో నీరు మునుపటిలా లేదు, నిండుగా ఉంది, వడి పెరిగింది. కాబట్టి ఎగువన వాన కురిసింది. కోనసీమ లంకల్లో ఆకాశం తేటగా ఉన్నా, ఏట్లో ఎర్రనీరు దిగిందంటే పైన వానలు పడ్డాయని రైతు తేల్చుకుంటాడు. అదే అనుమాన ప్రమాణం. (ప్రమాణమంటే ఇక్కడ ఒట్టు కాదు, తెలుసుకునే సాధనం.) ఇక్కడ ‘హేతువు’ అనే మాటనూ జాగ్రత్తగా చూడాలి. తెలుగులో హేతువంటే కారణం. ఎర్రనీటికి వాన కారణం గాని వానకు ఎర్రనీరు కారణం కాదు. అయినా తర్కంలో ఎర్రనీటినే హేతువంటారు, నిశ్చయానికి ఆధారమైన గుర్తు అదే కనుక. హేతువాదం చేసే పని కూడా ఆధారం అడగడమే.

ఈ నది ఉదాహరణ మీద ఆక్షేపణ కూడా ఆ సూత్రాల్లోనే ఉంది. నీరు పెరగడానికి వానే కురవాలా, దిగువన అడ్డు పడినా పెరగదా? ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు దించితే ఎగువన నీటిమట్టం పెరుగుతుంది కదా, అలాంటి ప్రశ్నే ఇది. దానికి భాష్యకారుడి జవాబు చక్కగా ఉంటుంది: నీరు పెరిగిందన్న ఒక్క గుర్తుతో తేల్చేయొద్దు, వడి ఉందా, నురుగు ఉందా, ఆకులూ కాయలూ కట్టెలూ కొట్టుకొస్తున్నాయా, అన్నీ కలిపి చూడాలి. అడ్డుకట్ట వెనక నిలిచిన నీటిలో ఇవన్నీ కలిసి కనిపించవు. గుర్తును సగమే చూసి నిశ్చయించడం మనిషి పొరపాటు. దాన్ని అనుమాన ప్రమాణం నెత్తిన రుద్దకూడదు.

ఈశ్వరుడి విషయంలో నైయాయికులు, అంటే న్యాయసూత్రాల మార్గంలో నడిచే తార్కికులు, ఇదే పద్ధతిని ఐదు మెట్లుగా నడిపిస్తారు. ప్రతిజ్ఞ, అంటే నిరూపించదలచిన మాట: జగత్తుకు కర్త ఉన్నాడు. హేతువు: అది కార్యం, అంటే ఒకప్పుడు పుట్టినది కనుక. ఉదాహరణ: ఏది కార్యమో దానికి కర్త ఉంటాడు, కుండకు ఉన్నట్టు. ఉపనయం: జగత్తూ అటువంటి కార్యమే. నిగమనం: కనుక దానికీ కర్త ఉన్నాడు. చిక్కంతా మూడో మెట్టు దగ్గరే వస్తుంది. కుండను చేసిన కుమ్మరిని చూశాం, కాలవగట్టు మీద తనంత తాను మొలిచిన గడ్డికి కర్తను ఎవరు చూశారు? ఆ గడ్డి కూడా వివాదంలో ఉన్న జగత్తులో భాగమే కాబట్టి దాన్ని ఎదురు ఉదాహరణగా తేకూడదని నైయాయికుడు అంటాడు. సరే, కర్త ఉన్నాడనే అనుకుందాం, ఒక్కడే అని ఎలా తేలుతుంది? పెద్ద పెద్ద కట్టడాలను చాలామంది కలిసి కట్టడమే మనం చూస్తున్నాం. ఈ ప్రశ్న వేసింది నాస్తికులని అనుకునేరు. వేసినవారు రామానుజులు, బ్రహ్మసూత్రాలకు తాము రాసిన శ్రీభాష్యంలో. బ్రహ్మాన్ని తెలుసుకోవడానికి శాస్త్రమే, అంటే వేదవాక్యమే, ప్రమాణం, అనుమానం చాలదని వారి సిద్ధాంతం. భక్తిమార్గానికి అంత పెద్ద ఆచార్యులు దేవుణ్ణి సాధించే వాదాన్ని ఇంత నిశితంగా పరీక్షించారన్న సంగతి మన ఉపన్యాసాల్లో తరచుగా వినపడాలి.

అలాగని తర్కానికి పని లేదనీ కాదు. ‘నైషా తర్కేణ మతిరాపనేయా’ (ఈ జ్ఞానం తర్కంతో దొరికేది కాదు) అన్న కఠోపనిషద్వాక్యాన్ని చాలామంది ఉదాహరిస్తారు. ‘శ్రోతవ్యో మంతవ్యో నిదిధ్యాసితవ్యః’ అన్న బృహదారణ్యక వాక్యాన్నీ దాని పక్కన పెట్టి చదవాలి. విన్న తరవాత, ధ్యానించే ముందు, మననం ఉంది. ‘మంతవ్యః’ అన్న చోట శంకరులు ‘తర్కతః’ అనే వివరించారు. దేవుణ్ణి కొత్తగా పట్టి తెచ్చే శక్తి తర్కానికి లేకపోవచ్చు. విన్నదాన్ని నలగ్గొట్టి, పొసగనిదాన్ని ఏరివేసే బాధ్యత మాత్రం దానిదే.

ఇక వినడం. భద్రాచలం దగ్గర నీరు 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ మాట చెవిన పడగానే లంకరైతు గొడ్లను గట్టెక్కిస్తాడు. తన వాకిట్లోకి నీరు రావడం అప్పటికి అతను చూడలేదు. చెప్పినవాళ్ళ మాట మీద కదిలాడు. శాస్త్రంలో దీన్ని శబ్దప్రమాణం అంటారు. అయితే ఎవరి మాటైనా చెల్లుతుందని కాదు, ఆప్తుడి మాటే చెల్లుతుంది. విషయం స్వయంగా తెలిసి, ఉన్నదున్నట్టు చెప్పాలనుకునేవాడు ఆప్తుడు. చెప్పేవాడు అలాంటివాడా అని చూడటం బుద్ధి పని, చూశాక అతని మాట మీద నిలబడటం నమ్మకం. మొదటిది ఎగ్గొట్టి రెండోదానికి దూకితే దాన్నే గుడ్డినమ్మకం అంటాం.

మీ మూడో ప్రశ్న చాలా విలువైనది. ‘దేవుడున్నాడని నమ్ముతాను’ అన్నప్పుడు ‘అని’తో ముగిసే వాక్యం ఒకటి లోపల ఉంది. అది నిజమో కాదో విచారించవచ్చు, ఆధారం అడగవచ్చు. ‘దేవుణ్ణి నమ్ముకున్నాను’ అన్నప్పుడు లోపల వాక్యమేమీ లేదు, ఒకరున్నారు, వారి మీద భారం వేశాను. ‘కాలవను నమ్ముకుని దాళ్వా వేశాం’ అనే శివారు రైతుకు కాలవ ఉందా లేదా అన్న సందేహం లేదు. చివరి చేను దాకా నీరు వస్తుందన్న ఆశతో తన పంటను దానికి ఒప్పజెప్పాడు. తేడా తేలాలంటే ఇలా పరీక్షించండి: ‘దెయ్యాలున్నాయని నమ్ముతాను’ అనేవాళ్ళు ఉన్నారు, ‘దెయ్యాల్ని నమ్ముకున్నాను’ అనేవాళ్ళు కనపడరు.

మధ్యలో ఉన్న ‘దేవుణ్ణి నమ్ముతాను’ రెండు వైపులకూ ఒరుగుతుంది. ముఖ్యంగా వ్యతిరేకంలో. ‘వాణ్ణి నమ్మను’ అంటే వాడు లేడని కాదు, నమ్మదగినవాడు కాడని. ‘దేవుణ్ణి నమ్మను’ అంటే మాత్రం లేడంటున్నాడనే తీసుకుంటాం. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆ మాట అన్నప్పుడు మొదటి అర్థంలోనే అని ఉండవచ్చు. అటువంటామె ముందు కుండా కుమ్మరీ వాదం ఎత్తితే ఆమె అడగని ప్రశ్నకు జవాబు చెప్పినట్టవుతుంది. ఏ అర్థంలో అన్నారో తెలుసుకున్నాకే నోరు విప్పాలి.

‘ఉన్నాడని’ అనడం, ‘నమ్ముకోవడం’, ఈ రెండూ పోతన గజేంద్రుడి నోట కనిపిస్తాయి. ‘కలఁడందురు’ అని మూడుసార్లు అంటాడు. మూడూ పరుల మాటలే, వినికిడి. పద్యం చివర ‘కలఁడో లేఁడో’ అని సంశయం. అలా సంశయిస్తూనే మొర ఆపలేదు. తరవాత ‘లావొక్కింతయు లేదు’ పద్యానికి వచ్చేసరికి ‘నీవే తప్ప నితఃపరం బెఱుఁగ’ అంటాడు. ‘కలఁడు’ అన్న ప్రథమపురుష పోయి ‘నీవు’ వచ్చింది. కలడని రుజువైందని ఎక్కడా అనలేదు.

విశ్వాసం, శ్రద్ధల గురించి క్లుప్తంగా. వాడుకలో విశ్వాసానికి కృతజ్ఞత అనే అర్థం బలంగా ఉంది: ఉప్పు తిన్న విశ్వాసం, విశ్వాసం గల కుక్క. క్రైస్తవ సంఘాల్లో ‘దేవునియందు విశ్వాసముంచు’ అంటారు, ‘యందు... ఉంచు’ అన్న కూర్పు ‘నమ్ముకొను’కు దగ్గరగా, స్పష్టంగా ఉంది. అందుకే ‘వాడికి విశ్వాసం లేదు’ అన్న మాటకు చర్చిలో ఒక అర్థం, ఇంట్లో మరొకటి. శ్రద్ధ తెలుగులో మనసు పెట్టడం. ‘శ్రద్ధావాన్ లభతే జ్ఞానమ్’ అన్న చోట ఆ అర్థం సగమే సరిపోతుంది. వేదాంతులు అక్కడ శ్రద్ధంటే గురువు మాట మీదా శాస్త్రం మీదా విశ్వాసం అంటారు. ‘శ్రద్ధగా చదివినవాడికి చదువు వస్తుంది’ అని అనువదిస్తే శ్లోకం చిన్నదైపోతుంది.

మీరే రాయవలసి వస్తే ‘అనుమానం చేత’ అని విడిగా వదలకండి. ‘అనుమాన ప్రమాణంతో’ అనండి, లేదా ‘గుర్తులను బట్టి నిశ్చయించి’ అని విప్పి రాయండి. శంక అని చెప్పాలనుకున్న చోట సందేహం, సంశయం అన్న మాటలు ఉండనే ఉన్నాయి.